చెఱువులు – కఱవులు – వఱదలు

నేను చరిత్రకారుడను గాను. మెట్రిక్యులేషను వరకు చదివి, ముప్పదియైదేండ్లు ఒక కార్యాలయమున గుమాస్తాగా దస్త్రములు వ్రాసి విశ్రాంతి పొందినవాడను. దస్త్రము వ్రాయువానికి ఒక అలవాటబ్బును. ఏ కాగితము చేతికి వచ్చినను దాని వెనుకటి కాగితమేదని వెదకుట ఆ అలవాటు. 2015వ సంవత్సరమున మా యింటిలోనికి వఱదనీరు వచ్చినపుడును, 2019వ సంవత్సరమున మా వీథిలో బిందెలు బారులు తీరినపుడును ఆ యలవాటు నన్ను వదలలేదు. నాలుగేండ్ల యెడములో ఒకే యూరు నీట మునుగుటయు, నీటికై అలమటించుటయు ఎట్లు సంభవించెను? దీనికి వెనుకటి కాగితము కొఱకు వెదకగా నాకు దొరకినది చెఱువు.

అంబత్తూరు అను పేరునకు ఏబదియొకటవ యూరు అని అర్థము చెప్పుదురు. ఈ పేరు పుట్టుక యెట్లున్నను, ఊరి పుట్టుక మాత్రము చెఱువుతోనే యని చూచినవారెవరైనను ఒప్పుకొందురు. తమిళులు చెఱువును ఏరి యందురు. మన ఏఱు పారునది. వారి ఏరి నిలుచునది. పాత చెంగల్పట్టు జిల్లాకు చెఱువుల జిల్లా యను పేరుండెడిది. ఏడాది పొడుగున పారు పెద్దనది యిచ్చట లేదు. ఆశ్వయుజ కార్తీకములలో ఈశాన్యపు గాలితో వచ్చు వానయే ప్రధానమైన ఆధారము. రెండు మూడు నెలలలో కురిసిన నీటిని సంవత్సరమంతయు వాడుకొనవలెను. అందుకై పూర్వులు పల్లమును చూచి కట్ట వేసి, తూము పెట్టి, అలుగు కట్టి, ఒక చెఱువు అలుగు నీరు క్రింది చెఱువునకు చేరునట్లు గొలుసుగా కూర్చిరి. అంబత్తూరు చెఱువు నిండి పొర్లిన నీరు కొరట్టూరు చెఱువునకును, అందుండి మాధవరము కడనున్న రెట్టేరికిని పోవును. రెట్టేరి యనగా జంట చెఱువు.

ఈ గొలుసులో ఒక ధర్మము కలదు. పై చెఱువు తన కడుపు నిండిన పిదప మిగిలినది క్రిందివానికి విడువవలెను. క్రింది చెఱువు పైవాని అలుగు వచ్చు దారిని మూయరాదు. వాన ఎక్కువైన యేట ఈ గొలుసు వఱదను మెట్టుమెట్టుగా ఆపును. వాన తక్కువైన యేట నేలలోనికి ఇంకిన నీరు బావులలో నిలుచును. ఒకే యేర్పాటు రెండాపదలకును మందుగా నుండెను.

ఈ విద్య తమిళులది మాత్రమే కాదు, మనదియు. 1369వ సంవత్సరమున విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కడపసీమలోని పోరుమామిళ్ళయందు అనంతరాజసాగరమను చెఱువును కట్టించి, సంస్కృతమున శాసనము వేయించెను. వేయిమంది పనివారు, నూఱు బండ్లు, రెండేండ్ల కాలము ఆ పనికి పట్టినవని అందు వ్రాయబడినది. మంచి చెఱువునకు కావలసిన అంగములు పండ్రెండును, చెఱువునకు రాగల దోషములు ఆఱును ఆ శాసనము చెప్పును. కట్ట ఊరుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, నడుమ మెరక యుండుట, నీరు కొంచెమై ఆయకట్టు ఎక్కువగుట, నీరు ఎక్కువై ఆయకట్టు కొంచెమగుట – ఇవి ఆ యాఱు దోషములు. ఈ జాబితాను పాఠకులు జ్ఞాపకముంచుకొన వేడుచున్నాను. మఱల దీనితో పనిపడును.

ఇక కట్టిన చేతుల మాట. తమిళదేశమున మట్టిపనికిని రాతిపనికిని పేరొందిన వడ్డెరల యింటిభాష తెలుగు. తట్ట, పార, గునపము పట్టుకొని పనియున్న చోటెల్లను గుడిసె వేసికొని, పని ముగియగనే మఱియొక యూరికి పోవు ఆ కుటుంబములు దక్షిణదేశమున ఎన్ని కట్టలకు మన్ను మోసెనో లెక్కించువాడు లేడు. చెన్నపట్టణమునకు దామర్ల చెన్నప్పనాయకుని పేరు వచ్చినదని మన సభలలో తఱచుగా చెప్పుకొందుము. చెప్పుకొనవలసినదే. ఐనను మన్ను మోసిన తెలుగువారిని గూర్చి చెప్పుకొనుట మనకు అలవాటు కాలేదు.

కట్టుట ఒక యెత్తు, కాపాడుట వేఱొక యెత్తు. రాయలసీమలో చెఱువు కట్టినవారికి, మరమ్మతు చేయువారికి దశబంధమను ఇనాము ఉండెడిది. తమిళసీమలో కుడిమరామత్తు అను ఆచారము ప్రకారము ఆయకట్టు రైతులందఱు ఏటేట కూడి కాలువలు బాగుచేసి, కట్టకు మన్ను వేసి, పూడిక తీసెడివారు. పూడిక మట్టి పొలమునకు ఎరువు. కావున ఆ పని శ్రమయు లాభమును ఐ యుండెను. 1858లో చెన్నపట్టణపు దొరతనమువారు ఈ ఆచారమును నిలుపుటకు ఒక నిర్బంధ శాసనమే చేసిరి. ఆచారము తనంతట తాను నడచుచున్నపుడు శాసనముతో పనియుండదు. శాసనము అవసరమైన దన్నచో ఆచారము అప్పటికే సడలినదని గ్రహింపవలెను.

పదునెనిమిదవ శతాబ్ది చివర ఈ సీమకు లయొనెల్ ప్లేస్ అను దొర కలెక్టరుగా నుండెను. ఆయన పేరు రెండుచోట్ల నేటికిని వినబడును. మొదటిది మదురాంతకము. పెద్దవానకు అచ్చటి చెఱువు కట్ట తెగనున్న రాత్రి, రామలక్ష్మణులు విల్లమ్ములతో కట్టపై కాపలా తిరుగుట ఆయన చూచెననియు, అందుకు కృతజ్ఞతగా అమ్మవారి సన్నిధి కట్టించెననియు కథ. ఆ స్వామికి ఏరి కాత్త రాముడని, అనగా చెఱువును కాచిన రాముడని పేరు. రెండవది వేడంతాంగలు. చలికాలమున అచ్చటి చెఱువుకు వేలకొలది పక్షులు వచ్చి చెట్లపై గూళ్ళు పెట్టును. వాని రెట్ట నీటిలో పడి, ఆ నీరు పొలములకు బలమిచ్చునని రైతులెఱుగుదురు. సిపాయిలు పక్షులను కాల్చుచుండగా గ్రామస్థులు పోయి కలెక్టరుతో మొఱపెట్టుకొనిరి. 1798లో ఆయన వారికి కౌలు వ్రాసియిచ్చి పక్షులను కాపాడుకొను హక్కును స్థిరపఱచెను. ఏ శాస్త్రమును చదువని రైతులు పక్షికిని పంటకును గల సంబంధమును గుర్తించి, దానికి కాగితము కూడ సంపాదించిరి. గుమాస్తానైన నాకు ఈ సంగతి మిక్కిలి ముచ్చట గొలిపినది.

ఈ కాపుదల తప్పినచోట ఏమి జరుగునో కఱవులు చెప్పును. 1832–33, నందన సంవత్సరము. గుంటూరు సీమలో వచ్చిన కఱవును మన పెద్దలు డొక్కల కఱవనిరి. జిల్లా జనములో మూడవవంతునకు మించి నశించెను. ఆ దుఃఖము తరువాతనే గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి కాటన్ దొర చేతిమీదుగా పూర్తియైనది. 1876–78, ధాత సంవత్సరముతో మొదలైన కఱవు. దక్షిణదేశమున ఏబది లక్షల వఱకు జనము పోయిరని లెక్కలు కలవు. ఆ కాలమున సహాయపు పనులకు వచ్చిన కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, స్వల్పమైన డబ్బును చాలునని రిచర్డు టెంపుల్ దొర నిర్ణయించెను. ఒక పౌను అనగా అరకిలోకు తక్కువ. దినమంతయు మన్ను త్రవ్వు మనిషికి ఇది చాలదని చెన్నపట్టణపు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు వాదించెను. ఆ వాదము జరుగుచుండగనే జనము రాలిపోయిరి.

ఆ కఱవు పనులలో ఒకటి మన యెదుటనే యున్నది. అడయారును కూవమును కలుపు బకింగుహాము కాలువ భాగమును 1877–78లో ఆకలిగొన్న కూలీలే త్రవ్విరి. ఆ కాలువ మన పెదగంజాము నుండి చెన్నపట్టణము మీదుగా దక్షిణమునకు మరక్కాణము దాక పోవును. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు, సముద్రమునుండి పొంగిన నీటిని ఈ కాలువ కొంత తనలో పట్టుకొని తీరమున ననేకులను కాచినదని పరిశోధకులు వ్రాసిరి. ఒక ఆపదలో నలిగినవారు త్రవ్వినది నూఱేండ్ల పైబడిన పిదప మఱియొక ఆపదలో అడ్డుపడెను. ఆ త్రవ్విన వారి పేర్లు ఏ రాతిమీదను లేవు.

ఇక మా యూరి సంగతి. 1949లో సైకిళ్ళ ఫ్యాక్టరీ, 1959లో డన్లప్ టైర్ల ఫ్యాక్టరీ, 1964లో పారిశ్రామిక పేట – ఇట్లు అంబత్తూరు రూపు మాఱెను. మనలో అనేకుల తండ్రులు నెల్లూరు, చిత్తూరు జిల్లాలనుండి వచ్చి ఇచ్చట స్థిరపడినది ఈ ఫ్యాక్టరీల చలువ వలననే. కావున ఫ్యాక్టరీలను నిందించుట నాకు తగదు. నేను తిన్న అన్నము అదియే. ఐనను జరిగినది చెప్పవలెను. పొలములు ఇండ్ల స్థలములైనవి. ఆయకట్టు పోయినది. ఆయకట్టు లేని చెఱువునకు యజమాని లేడు. పూడిక తీయుటకు, తూము చూచుటకు, అలుగు కాలువలో చెత్త వేయువానిని కేకలు వేయుటకు ఎవ్వరికిని స్వార్థము లేకపోయెను. పోరుమామిళ్ళ శాసనము చెప్పిన చివరి దోషమిదియే: నీరు కలదు, పొలము లేదు. పొలిమేర దోషమును వచ్చినది. నీరొక శాఖది, కాలువ యొకరిది, మోరీ వేఱొకరిది. 2011లో ఊరు చెన్నై కార్పొరేషనులో కలిసిన పిదపను ఎవరి పొలిమేర ఎచ్చటనో సామాన్యునికి తెలియుట కష్టమే.

ఎండిపోవుట చెఱువునకు చావు కాదు. ఈ సంగతి పల్లెవారికి బాగుగా తెలియును. ఎండిన చెఱువు బురదలో మట్టగిడస దాగియుండును. నత్త మూతి బిగించుకొని నిద్రించును. తుంగ దుంపలు మట్టిలో కాచుకొనియుండును. తొలివాన పడగనే అన్నియు లేచును. వాని వెనుకనే కొంగలు వచ్చును. వేసవి చెఱువునకు విశ్రాంతి. పూడిక తీయుటకు మనకు అవకాశము. చెఱువును చంపునది ఎండ కాదు, మురుగు. మురుగు నీటిలో గుఱ్ఱపుడెక్క దట్టముగా అల్లుకొని వెలుతురును గాలిని నీటికి అందనీయదు. అపుడు నీరు నిండుగా నున్నను చేప బ్రదుకదు. లేమిని ఓర్చుకొను శక్తిని ప్రకృతి చెఱువునకు ఇచ్చెను. విషమును ఓర్చుకొను శక్తిని అంతగా ఈయలేదు.

నా తప్పు నొకటి ఇచ్చట చెప్పుకొనవలెను. మా నాయన 1968లో ఇల్లు కట్టినపుడు పెరటిలో ముప్పది యడుగుల బావి త్రవ్వించెను. మేమంతయు ఆ నీటితోనే పెరిగితిమి. 1994లో నేను బోరు వేయించి, మోటారు పెట్టించి, పిల్లలు పడుదురను నెపముతో బావిపై సిమెంటు పలక వేయించితిని. అసలు కారణము స్కూటరు నిలుపుటకు చోటు. మా అమ్మ గడపలో కూర్చుండి చూచి, “బావి నోరు మూసినవాడికి రేపు నీళ్ళెవరు పోస్తారురా?” అన్నది. నేను నవ్వితిని.

2015 నవంబరులో చెన్నపట్టణమున వేయి మిల్లీమీటర్లకు మించి వాన కురిసెను. డిసెంబరు 1వ తేదీన ఒక్క దినములోనే తాంబరమున సుమారు 49 సెంటీమీటర్లు పడెను. లోకమంతయు అడయారు వఱదను గూర్చి చెప్పుకొన్నది. మా దిక్కున చెఱువుల అలుగు నీరు తన పాత దారిని వెదకుకొనుచు ఇండ్లలోనికి వచ్చెను. మా యింట మోకాలి లోతు. క్రింది అరలోనున్న మా నాయన ఉత్తరములు, తెలుగు పుస్తకములు నానిపోయెను. నీరు తీసిన పిదప ప్రక్కయింటి తమిళ పిల్లలు నాతోపాటు మిద్దెపై కూర్చుండి ఒక్కొక్క పుట విడదీసి ఎండబెట్టిరి. “ఇది ఏ పుట, తాతా?” యని వారడుగుచుండిరి, వారికి ఆ లిపి రాదు. నా మనుమడు కూడ వారితోనే యుండెను. వానికిని రాదు.

2019 వేసవికి కథ తలక్రిందులయ్యెను. నగరమునకు నీరిచ్చు పూండి, చోళవరము, ఎఱ్ఱకొండల చెఱువు, చెంబరంబాక్కము – నాలుగును అడుగంటెను. మా బోరు గాలి పీల్చెను. జూలై 12వ తేదీనుండి జోలార్‌పేట నుండి విల్లివాక్కమునకు రైలుబండ్లలో నీరు తేబడెను. ఒక్కొక్క బండికి ఏబది వ్యాగనులు, ఇరువదియైదు లక్షల లీటర్లు, సుమారు 220 కిలోమీటర్ల దూరము. ఆ బండి మా అంబత్తూరు, పట్టరవాక్కము, కొరట్టూరు స్టేషనుల మీదుగానే పోవలెను. చెఱువులూరి నడుమ నీళ్ళబండి పోవుట చూచి నాకు తల యెత్త బుద్ధి కాలేదు.

అప్పుడు బావిపైని పలక పగులగొట్టించితిని. పూడిక తీయుటకు వచ్చిన యిద్దఱు పనివారు తమలో తాము తెలుగున మాటలాడుకొనుచుండిరి. ఏ యూరివారని అడిగితిని. “పుట్టింది ఇక్కడే సార్. మా తాతలోళ్ళు చెఱువులు తవ్వినోళ్ళు, మేము బావులు తోడుతుండాం” అని పెద్దవాడు చెప్పెను. వారు నాలుగు దినములు పనిచేసిరి. మిద్దెనీరు బావిలోనికి పోవునట్లు గొట్టము మలపించితిని. వానకోతకు ప్రతి యింటను ఏర్పాటుండవలెనని 2003లోనే ప్రభుత్వము నిర్బంధము చేసియుండెను. నేను అప్పుడు ఒక గొట్టమును పేరునకు పెట్టి ఊరకుంటిని. ఆ యేటి కార్తీకము గడచునప్పటికి బావిలో పదునెనిమిది యడుగుల నీరు చేరెను. తరువాతి వేసవిలో మా వీథిలో ఐదిండ్లవారు ఆ నీరు తోడుకొనిరి. ప్రక్కయింటి అక్క మొదటి బిందె ముంచుకొని, మా అమ్మ పటమునకు ఒక పూవు పెట్టి పోయెను.

దూరపు నీటిని గూర్చియు ఒక మాట. 1983లో శ్రీ ఎన్.టి. రామారావు, శ్రీ ఎం.జి. రామచంద్రన్ ముఖ్యమంత్రులుగా నుండగా తెలుగు గంగ ఒప్పందము జరిగెను. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు తమ కృష్ణా భాగమునుండి తలకు ఐదు టి.ఎం.సి.ల చొప్పున పదునైదు విడువవలెనని నిర్ణయము. 1996లో కృష్ణ నీరు కండలేరు నుండి పూండికి చేరెను. దారిలో కాలువ గట్లు పాడై నీరు ఇంకిపోవుచుండగా, శ్రీ సత్యసాయి ట్రస్టువారు దానిని బాగుచేయించిరి. 2004లో నీరు మెఱుగుగా వచ్చెను. ఒప్పందమునందలి నీరంతయు ఏటేట వచ్చినది కాదు. ఐనను, తెలుగుసీమ నీరు త్రాగి తమిళసీమలో బ్రదుకు మనకు ఈ కాలువ వట్టి కాలువ కాదు. పొలిమేర చెఱువునకు దోషమని పూర్వులు చెప్పిరి. పొలిమేరకు ఇరుప్రక్కలవారు మనసు కలిపినచో ఆ దోషము కొంత తీఱునని ఇది చూపినది.

పై సంగతులనుండి నాకు తోచినది చెప్పి ముగించెదను. ఆపదలనుండి తేఱుకొనుట ధనమువలన మాత్రమే కాదు, జ్ఞాపకమువలన. ప్రతి కఱవును ప్రతి వఱదయు ఏదో యొకటి నేర్పినది. డొక్కల కఱవు ఆనకట్టను నేర్పినది. ధాత కఱవు 1880ల కఱవు నిబంధనలను నేర్పినది. మొన్నటి కఱవు బావి నోరు తెఱవ నేర్పినది. కాని రెండు మంచి వానలు కురిసినచో నేర్చినది మఱచిపోవుట మన స్వభావము. ఆ మఱపును ఆపునది ఏటేట జరుగు చిన్న పని. అందుకే కుడిమరామత్తును 2017లో తమిళనాడు ప్రభుత్వము మఱల ఎత్తుకొనెను. అంతకు ముందే 2015లో తెలంగాణలో కాకతీయుల పేర చెఱువుల పని మొదలైనది. ప్రభుత్వములు మొదలుపెట్టును. నిలుపవలసినవారు పొరుగువారు.

మన సంఘమునకు నా మనవి యిది. మనము ఏటేట ఉగాదికి కూడుదుము. ఆ కూటమునందే ఒక పుస్తకము తెఱచి, ఎవరింట బావి యున్నది, అందు నీరెంత, 2015లో వఱద గోడపై ఎంత యెత్తు వచ్చెను, అలుగు కాలువ ఏ వీథిలో పోవును అని తెలుగునను తమిళమునను వ్రాసియుంచుదము. పెద్దలు చెప్పవలెను, పిల్లలు వ్రాయవలెను. తెలుగు రాని పిల్లవాడు తూము, అలుగు, కట్ట, పూడిక యను నాలుగు మాటలతో మొదలుపెట్టినను మేలే. మా మనుమడు ఆ నాలుగును నేర్చినాడు. ఎండబెట్టిన మా నాయన ఉత్తరములలో ఒకదానిని మొన్న వాడు కూడబలుకుకొనుచు చదివెను. అందు మా నాయన నెల్లూరిలోని తన తండ్రికి వ్రాసినది ఒక్క వాక్యమే వానికి పూర్తిగా తెలిసినది: బావిలో నీళ్ళు పడ్డవి, తియ్యగా ఉన్నవి.